నీరు పట్టిన చోటు

రోమునగరమును చూడబోయిన యాత్రికులు, నగరము వెలుపలి మైదానమున బారులు తీరి నిలిచియున్న శిలాకమానులను చూచి, వాని నెత్తిన నొకప్పుడు నీరు పారెడిదని విని, ఔరా యనుకొని, ఛాయాచిత్రములు తీసికొని మరలిపోవుదురు. ఆ నీరు ఎక్కడనుండి వచ్చినదని యడుగువారు మిక్కిలి యరుదు. అడిగినను, చూపుటకు కమానులవంటి గంభీరమైనది యేదియు నక్కడ నుండదు. ఏ కొండపాదముననో, ఏ ముండ్లపొదల మాటుననో, సగము మట్టిలో కూరుకొనిపోయిన యొక రాతితొట్టి, దాని వెనుక చెమ్మగిల్లిన యొక గోడ, ముందొక చీకటి సొరంగపు నోరు మాత్రమే కానవచ్చును. అయినను నగరమధ్యమున నెగసిన జలయంత్రములును, వేలకొలది జనులు మునిగితేలిన స్నానశాలలును, ధనికుల తోటలును ఆ తొట్టిని నమ్ముకొనియే బ్రతికినవి. కమాను కూలినచో మరల కట్టుకొనవచ్చును. ఊట తప్పినచో కమానులెన్ని యున్నను ప్రయోజనము లేదు. చరిత్రకారులు నీటిని మోసిన కట్టడమును పొగడినంతగా, నీటిని పట్టిన చోటును పొగడరు. ఈ కథనము ఆ రెండవదానిని గూర్చినది.

క్రీ.శ. 109లో ట్రాజన్ చక్రవర్తి ప్రారంభించిన జలవాహిని, రోమునకు వాయవ్యమున నున్న బ్రాచానో సరస్సు చుట్టుపట్ల కొండలలోని ఊటలను కూర్చుకొని, టైబరు నదికి పడమటి గట్టుననున్న పేటలకు నీరు తెచ్చినది. ఆ పనిని నాటివారెంత ఘనముగా తలంచిరో, కమాను క్రింద పవళించియున్న నదీదేవుని ముద్రించిన నాటి నాణెములే చెప్పును. అయితే ఆ మూలస్థానములలో నొకటి, శాంతా ఫియోరా యను పాడుపడిన చిన్న చర్చి క్రింద శతాబ్దులతరబడి మరుగుపడియుండెను. 2009లో ఒనీల్ అను ఇంటిపేరు గల యిరువురు బ్రిటిషు చలనచిత్రకారులు ఆ మొండిగోడల నడుమకు దిగి చూడగా, రోమనుల పనితనమును చాటు వంపుకప్పులును, వానికి పూసిన నీలివన్నెలో చెరగక మిగిలిన జాడలును, రాళ్లను చీల్చుకొని దిగిన చెట్టువేళ్లును కనబడినవి. చక్రవర్తి పేరు పెట్టుకొన్న వాహినికి తల దొరకుటకు పందొమ్మిది వందల యేండ్లు పట్టినదన్నమాట!

మూలస్థానము నెంచుటలో పొరబడినచో నేమగునో రోమనులకు అనుభవముచేతనే తెలిసివచ్చినది. క్రీ.శ. 97లో నగర జలాధికారిగా నియుక్తుడైన ఫ్రాంటినస్, నాడు రోమునకు నీరు తెచ్చుచున్న తొమ్మిది వాహినుల గుణదోషములను ఒక్కొక్కదానినే విచారించి గ్రంథము వ్రాసెను. వానిలో ‘ఆనియో నోవస్’ అను వాహిని ఆనియో నదినుండి నేరుగా నీరు తీసికొనుచుండుటచే, ఎగువ దున్నిన పొలముల మన్ను కలిసి, వాన కురిసినప్పుడెల్ల బురద పారెడిది. మన్ను తేరుటకై దారిలో తొట్టి కట్టి చూచిరి గాని చాలలేదు. తుదకు ట్రాజన్ చక్రవర్తి, నీరో కట్టించుకొన్న విహారమందిరమునకు పైనున్న సరస్సునుండి తేటనీరు తీసికొనునట్లు దాని తల మార్పించెను. ఎనుబది కిలోమీటర్లకు మించిన కాలువయు కమానులును ఉన్నవి యున్నట్లే యుండగా, తల నొక్కదానిని ఎగువకు జరిపిన మాత్రమున నీటి గుణమే మారినది.

ఈ విద్యకు నాకు తెలిసినంతలో చక్కని నిదర్శనము ఇటలీలో గాక జర్మనీలో మిగిలియున్నది. ఐఫెల్ కొండలనుండి కొలోన్ నగరమునకు సుమారు 95 కిలోమీటర్లు నీరు నడచివచ్చిన రోమను వాహినికి, నెట్టర్స్‌హైమ్ అను గ్రామసమీపమున ‘గ్రూనర్ ప్యూట్స్’ అను మూలస్థానము గలదు. అక్కడి కట్టుబడి చూడదగినది. కొండపాదము వెంబడి సుమారు 80 మీటర్ల పొడవున నొక కాలువ త్రవ్వి, కొండవైపు గోడను సున్నము లేకుండ రాతిమీద రాయి పేర్చి కట్టిరి. కొండలోని చెమ్మ ఆ సందులగుండ కాలువలోనికి దిగవలెనని వారి యూహ. లోయవైపు గోడ మాత్రము దిగిన నీటిని జారనీయని గట్టి గోడ. అట్లు బొట్టుబొట్టుగా చేరిన నీరు ఒక చదరపు తొట్టిలో నిలిచి, తేరుకొని, అటుపిమ్మట సొరంగమున ప్రవేశించును. తొట్టి యంచురాళ్లపై మెడూసా యను రాక్షసి ముఖమును చెక్కిరి. క్రొత్తయిల్లు కట్టువారు మన యూళ్లలో దిష్టిబొమ్మను వ్రేలగట్టుట యెందులకో, అదియు నందులకే. యంత్రము లేదు, చక్రము లేదు. భూమి వాలు ఒక్కటియే ఆ నీటిని కొలోన్ దాక నడిపించినది.

ఊటకాలువల సీమ

పై వర్ణనము చదివిన రాయలసీమవాసికి ఇది పరాయివిద్య యనిపింపదు. పెన్న, పాపఘ్ని, చిత్రావతి, చెయ్యేరు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకపఱ్ఱలై పడియుండును. పైకి చుక్క కానరాకున్నను ఇసుక క్రింద నీరు నడచుచునే యుండును. చేతితో చెలమ తీసి కడవ నింపుకొను ఆడువారికి అది తెలిసినంతగా ఇంజనీర్లకును తెలియదు. ఈ అడుగునీటిని పట్టుటకు మన రైతులు నదీగర్భమున ఏటవాలుగా లోతైన కాలువ త్రవ్వి, అంచులు కూలకుండ కంపయు గడ్డియు నొత్తి, ఎగువ నూరిన నీటిని దిగువ పొలము మట్టమునకు నడిపించెడివారు. దానికి ఊటకాలువ యని పేరు. ఒక్క వరద వచ్చెనా, అంతయు పూడిపోవును. మరుసటి యేడు ఊరివారందరు పారలు పట్టుకొని మరల నదిలోనికి దిగవలసినదే. రోమనులు రాతిలో చేసినదానిని మనవారు ఇసుకలో చేసిరి. అందుచేతనే యాత్రికులకు చూపుటకు మనకొక శిథిలమైనను మిగులలేదు. శిథిలము మిగులని విద్యను విద్యగా నెంచుట లోకమునకు అలవాటు లేదు.

నీరున్న చోటును కనుగొనుటయందును ఈ సామ్యము కలదు. రోమను వాస్తుకారుడైన విట్రూవియస్, సూర్యోదయమునకు ముందు నేలపై బోరగిల పండుకొని, గడ్డము కదలకుండ చూచినచో ఎచ్చట తేమ ఆవిరివలె లేచునో అచ్చట త్రవ్వుమనెను. మన వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున ఏ చెట్టునకు ఏ దిక్కున పుట్ట యున్నచో ఎన్ని మట్టుల లోతున నీరు పడునో చెప్పెను. ఈనాడు ప్రొద్దుటూరు చుట్టుపట్ల బోరు వేయించు రైతు, అరచేతిలో కొబ్బరికాయ నిలిపి పొలమంతయు తిరుగు మనిషిని ముందు పిలిచి, భూగర్భశాస్త్రవేత్తను పిమ్మట పిలుచును. ఇరువురును తప్పిన బోర్లెన్నియో కలవు గనుక, ఈ విషయమున నేనెవ్వరి పక్షమును వహింపను.

ఇక ప్రొద్దుటూరు చెంతనున్న రాజుపాలెము మండలపు సంగతి. కుముద్వతి యని పెద్దలు పిలిచిన కుందూనది ఈ మండలమున పారుచున్నది. వెల్లాల సంజీవరాయని దర్శింపవచ్చు భక్తులకు అది తెలిసిన నదియే. నల్లరేగడి నేల, శనగకును జొన్నకును వాన చాలును, వరికి మాత్రము కాలువ కావలెను. ప్రొద్దుటూరు ప్రాంతమున కాలువ యనగా కే.సీ. (కర్నూలు-కడప) కెనాలే. పొలములో నీరు కట్టు రైతుకు ఆ కాలువ తల కనబడదు. అది కర్నూలునకు ఎగువను, తుంగభద్రపై సుంకేసుల కడను గలదు. 1858లో లండనున పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలమున, పెట్టుబడిపై నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వపు హామీ పొంది, 1860ల దశకమున ఈ పని సాగించినది. హంద్రీనదిని కాలువచే కమానులమీద దాటించిరి. దిగువన నిప్పులవాగు, గాలేరు, కుందూ వంటి సహజప్రవాహములనే కొంతమేర కాలువగా వాడుకొని, కుందూపై రాజోలి యానకట్ట కడ నీటిని మరల పట్టి కడపవైపు మరలించిరి. పడవలు నడిపి లాభము గడింపవలెనని లాకులు సయితము కట్టిరి. పడవల బేరము సాగలేదు. వానతోనే పండు రేగడినేలకు నీరు కొనుటకు రైతులు ముందునకు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చినది. కంపెనీ లెక్కలు తప్పినను కాలువ మిగిలినది. అదియే మనకు కావలసినది.

అంతకు మునుపును ఈ సీమలో దూరపు నీటిని తెచ్చినవారు కలరు. గండికోటలో రాయలచెరువు ఊటనీటిని గొట్టములద్వారా పేరేబాగు మహలులోని జలయంత్రమునకు తెచ్చిరని చెప్పుదురు. ఆ మహలు శిథిలములు నేటికిని కలవు. అది రాచవారి వినోదము. పెనుగొండకు నీరు తెచ్చిన కథ అంతకంటె ఘనమైనది. క్రీ.శ. 1388 నాటి శాసనమొకటి, హరిహరరాయల కుమారుడైన ప్రతాప బుక్కరాయలు పెనుగొండలో నుండి, పెన్నానదిని పట్టణమునకు తీసికొనిరమ్మని సింగాయభట్టు అను జలశాస్త్రనిపుణుని ఆజ్ఞాపింపగా, అతడు సిరువేరు చెరువునకు కాలువ త్రవ్వి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ యని పేరు పెట్టెనని చెప్పుచున్నది. రాజుపేరుతోపాటు ఇంజనీరుపేరును శాసనమున నెక్కించుట గమనింపదగినది. నేటి శంకుస్థాపన ఫలకములలో మంత్రులపేర్లు వరుసగా నుండును. కొలత కొలిచినవానిపేరు వెదకినను దొరకదు.

అనంతరాజసాగరము

అయితే నీటిని పట్టు చోటు ఎట్లుండవలెనో శాస్త్రముగా వ్రాసి, రాతిపై చెక్కించి నిలిపినది మాత్రము మన కడప జిల్లాలోని పోరుమామిళ్లలోనే. ప్రొద్దుటూరునుండి మైదుకూరు మీదుగా బ్రహ్మంగారి మఠము దారిన పోయినచో ఆ యూరు వచ్చును. అక్కడి చెరువును, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యము నేలుచు, శాలివాహన శకము 1291, సౌమ్య సంవత్సరమున, అనగా క్రీ.శ. 1369లో, అనంతరాజసాగరమను పేర నిర్మింపజేసెను. భైరవాలయము ముందు నిలిపిన రెండు పలకలపై సంస్కృతశ్లోకములలో దాని చరిత్రమంతయు గలదు. శ్లోకకర్త లింగయ మాచనారాధ్యుడు. ఈ శాసనమును ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున పరిష్కరించి ప్రకటించినవాడు, తరువాతికాలమున పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధానసంపాదకుడైన విష్ణు సీతారామ సుక్‌ఠంకరు. భారతమునకు పూనుకొనక ముందు ఆ పండితుడు మన చెరువుకట్టను చదివెనని తెలియుట నాకెంతయో సంతోషము.

ఆ శాసనము చెరువునకు పండ్రెండంగములు చెప్పినది. ధర్మమెరిగి, ధనము కలిగి, కీర్తిని కోరు రాజును, జలశాస్త్రము చదివిన బ్రాహ్మణుడును, గట్టి బంకమట్టి నేలయు, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నదియు, చెరువును ఆనుకొనియున్న కొండయు, ఆ కొండల నడుమ మరీ పొడవు గాక గట్టిరాతితో కట్టిన కట్టయు, ఫలభూమిని విడిచి వెలుపలికి తిరిగిన రెండు కొమ్ములును, వెడల్పును లోతును గల గర్భమును, నిడుపైన సూటిరాళ్లు దొరకు గనియు, చెంతనే ఫలవంతములైన సమభూములును, కొండల పొందికచే సుడులు తిరుగుచు వచ్చు ప్రవాహమును, కట్టు నేర్పుగల పనివారును ఉన్నచో చెరువు సిద్ధించునట. రాజును మొదటి యంగముగా నిలుపుట కవి ముఖస్తుతి యని కొందరనుకొందురేమో. ఖజానా తెరవనిదే కట్ట లేవదని యెరిగిన లౌక్యుని మాటగనే నాకు తోచుచున్నది. ఆ వెనువెంటనే జలశాస్త్రజ్ఞుని పేర్కొనుటయు, పనివారిని అంగములలో చేర్చుటయు చూచినచో, ఆ కవి కట్టమీద నిలుచుండి పని చూచినవాడే యని నమ్మకము కలుగును.

అంగములకంటె దోషములు మరింత ఆలోచింపదగినవి. అవి ఆరు: కట్టనుండి నీరు కారుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భము నడుమ తాబేటివీపువలె మెరక యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు మిక్కుట మగుట, నీరు మిక్కుటమై భూమి కొంచె మగుట. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు కట్టరాదని 1369లోనే చెప్పినవాడు, తుంగభద్ర నీటికై మూడు రాష్ట్రములు వాదించుకొను కాలమున పుట్టియుండినచో ఏ ట్రైబ్యునలు లోనైనను అతనికి పీఠము దొరకియుండెడిది. ఐదవ దోషమును రాయలసీమలో వివరింప బనిలేదు.

పని జరిగిన తీరును శాసనము దాచలేదు. దినమునకు వేయిమంది కూలీలు కట్టమీద పనిచేసిరి, గోడలకును తూములకును రాళ్లు తోలుటకు నూరు బండ్లు తిరిగినవి, రెండేండ్లు పట్టినది, ధనధాన్యములకు లెక్క లేదు. ఇక కట్టడమును చూతము. నాలుగు సహజమైన కొండలను మూడు మట్టికట్టలతో కలిపి, వానికి కడపరాతి పలకలు పొదిగిరి. మల్దేవి యను ఏటినీరు దానిలో చేరును. సుక్‌ఠంకరు ఇచ్చిన కొలతల ప్రకారము కొండలతో కూడ కట్ట పొడవు సుమారు 14,000 అడుగులు. అందు మనుష్యులు కట్టినది 4,500 అడుగులే. మిగిలిన తొమ్మిదిన్నరవేల అడుగులను ప్రకృతిచేతనే పని చేయించుకొనిరి. మిక్కిలి లోతైన తావున కట్ట అడుగున 150 అడుగుల వెడల్పు, తలపై 12 అడుగులు, ఎత్తు 33 అడుగులు. ఇంత మట్టమైన వాలునకు కారణము ఇదే: మట్టికట్ట నీటిని బలముతో నెట్టదు, బరువుతో ఆపును; అడుగు వెడల్పైన కొలది ఊట కారుటకు దారి దూరమగును. మొదటి దోషమునకు విరుగుడును కట్టలోనే పెట్టిరన్నమాట.

కాచువారెవరు?

రోమనుల వాహినులును మన చెరువులును రాతిబలముచేతనే నిలువలేదు. ఫ్రాంటినస్ నాటికి రోము వాహినులను కాచుటకు రెండు దళములు కలవు: ప్రజాధనముచే పోషింపబడు 240 మంది, చక్రవర్తి ఖజానాచే పోషింపబడు 460 మంది. కాలువలకు దొంగచాటుగా గొట్టములు తగిలించి నీరు లాగుకొను రైతులను, తోటయజమానులను పట్టుటయే ఆ జలాధికారికి నిత్యపు తలనొప్పి. ఈ భాగము చదువునప్పుడు అది రోమో, మన కాలువ తూమో తెలియదు. 537లో గోత్ జాతివారు రోమునగరమును ముట్టడించి వాహినులను తెగగొట్టిరి. కాచు దళములు లేనందున వానిలో పెక్కింటిని తిరిగి పట్టించుకొన్నవారు లేకపోయిరి.

మన సీమలో ఆ పని దశబంధపు మాన్యములు చేసినవి. చెరువు కట్టించినవానికో, తెగినదానిని బాగుచేసినవానికో ఆయకట్టులో నొక వంతును మాన్యముగా నిచ్చి, దానికి బదులుగా కట్టను ఎల్లకాలము కాచు బాధ్యతను అతని వంశముపై నుంచెడివారు. తూము తెరచి మూయుటకు, మడిమడికి వంతు చూచుటకు నీరుగంటి యుండెడివాడు. పంట నూర్పిడిలో అతనికి కొలిచి పెట్టెడివారు. కాలక్రమమున మాన్యములు పోయినవి, నీరుగంటులు తగ్గిపోయిరి. 1997లో చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను నెలకొల్పిరి. సంఘములున్నవి, కట్టమీద మొలచిన కంపచెట్టును వేళ్లతో పెరికివేయు బాధ్యత ఎవనిదో ఆ వ్యక్తి పేరు మాత్రము చాల యూళ్లలో చెప్పువారు లేరు. ఈ యొక్క విషయమున నాటి దశబంధమే మేలని నా తీర్పు. అది ధర్మమును నమ్ముకొనలేదు. కట్ట తెగినచో మాన్యము పోవునన్న భయమును నమ్ముకొన్నది.

2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి కమిషన్ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముల జాబితాలో మన పోరుమామిళ్ల చెరువును, కే.సీ. కెనాలును, అప్పటి ప్రకాశము జిల్లాలోని కంభము చెరువును చేర్చినది. ఒకే యేట మన ప్రాంతమునకు ఇంత గౌరవము దక్కుట ఉత్సవము చేసికొనదగినదే. అయితే ఫలకము కట్టమీద పాతి, దండలు వేసి, ఎగువను మరచినచో ఆ గౌరవము రోములో కమానులు చూచి మరలిన యాత్రికుని మెప్పుతో సమానము. చెరువునకు తల కట్ట గాదు. కొండలోనుండి నీరు తెచ్చు వాగును, దానిలోనికి దిగు పిల్లవాగులును. వాగుపోరంబోకు దున్నబడి, వంకలో రోడ్డు లేచి, ఇసుక తరలిపోయినచో, 1369లో వేయిమంది రెండేండ్లు చేసిన పని వట్టి మట్టిగట్టగా మిగులును. కావున జిల్లా యధికారులకును, నీటిసంఘముల పెద్దలకును మనవి: ఈ వేసవిలో పూడికతీతకు టెండర్లు పిలుచుటకు ముందు, ప్రతి పెద్దచెరువునకును నీరు వచ్చు వాగులను మొదటినుండి కట్టదాక సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, ఆ పటమును గ్రామ సచివాలయపు గోడపై అందరికి కనబడునట్లు వ్రేలాడదీయుడు. గండికోట చూడవచ్చు పాఠకులకును ఒక మాట: ఇంకొక దినము చేతనుంచుకొని పోరుమామిళ్లకు పోయి, భైరవాలయము ముందరి ఆ రెండు పలకలను చూచి రండు.